మహేశ్వరి చెప్పిన ముచ్చట

జిమ్మీ అనే పేరు కూడా చెప్పేశానా, చెప్పాను, ఊరి పేరు మార్చాను, తాత పేరు మార్చాను, కొడుకుల పేర్లయితే అసలు ఎత్తనే లేదు, అంత జాగ్రత్త పడ్డదాన్ని కుక్క పేరు దగ్గర నోరు జారాను, జారడం కూడా కాదు, ఆ పేరు బాగుంది కాబట్టి అన్నాను, కర్ర పట్టుకున్న తాత వెనక జిమ్మీ అనే బక్క కుక్క అంటే పిల్లలు నవ్వుతారని అన్నాను, నవ్వారు కూడా, ఏడాది పొడుగునా నా క్లాసులో నవ్వని పిల్లలు పగలబడి నవ్వారు, ఛీ, నా నోట్లో మన్ను పడ, ఓ మేడం జర పక్కకు జరుగున్రి అని వెనక నుంచి ఆటో అతను అరుస్తున్నాడు, నారాయణగూడ చౌరస్తా ఎప్పుడు దాటానో తెలియలేదు, మెట్రో స్తంభాల పక్కన నడుస్తున్నాను, రోజూ ఎక్కే మెట్రో ఇవాళ ఎక్కలేదు, చిక్కడపల్లికి ఒక్క స్టేషనే, ఎక్కితే కళ్ళు మూసి తెరిచేలోపు ఇంటి దగ్గర దిగుతాను, దిగితే ఇంట్లోకి పోయి తలనొప్పి అని దుప్పటి కప్పుకుంటాను, నా సంగతి నాకు తెలుసు, కప్పుకోకూడదు, అశోక్‌నగర్ పోవాలి, మహేశ్వరి ఉండే హాస్టలుకి పోవాలి, పోయి ఏమనాలో తెలిస్తే ఇట్లా నడుచుకుంటూ ఎందుకు పోతాను, ఆటోలోనే పోయేదాన్ని.

దమయంతీ, నీకు బుద్ధుందా అని మా అమ్మ పేరు పెట్టి తిట్టేది, ఇప్పుడు నన్ను నేను అట్లాగే తిట్టుకుంటున్నాను, పేరు పెడితే తిట్టు సరిగ్గా తగులుతుంది, చిక్కడపల్లిలో పుట్టి చిక్కడపల్లిలోనే కాపురం ఉండి నారాయణగూడలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు సాహిత్యం చెప్పుకుంటున్న దమయంతి మేడం, ప్రపంచమంతా నెత్తిన పెట్టుకునే ఆ నాటకాలాయన, నాలుగు వందల ఏళ్ళ కిందటి ఇంగ్లండు పెద్దాయన, ఆయన పేరు చెబితే చాలు నా పిల్లలకి ఆవలింతలు, అందుకే పేరు చెప్పకుండా మొదలుపెట్టడం నా పద్ధతి, ముందు ముచ్చట, తరవాతే పేరు, ఒక ఊళ్ళో ఒక రాజు అని ఎత్తుకుని, వాళ్ళు అయ్యో అన్నాక, ఇది రాసింది ఫలానా ఆయన అని చెప్పేదాన్ని, అప్పుడు వాళ్ళ మొహాలు చూడాలి, ఆ మొహాల కోసమే ఈ ఉద్యోగం, కానీ ఈ మధ్య రాజు అనగానే దొరికిపోతున్నాను, మేడం మళ్ళ గా ముసలాయన నాటకమే షురూ చేసింది రా అని వెనక బెంచీలో గుసగుస, వాళ్ళని అని ఏం లాభం, వేరే గ్రూపుల్లో సీట్లు నిండిపోయి ఇందులో పడ్డవాళ్ళు, సిద్దిపేట నుంచి, కరీంనగర్ నుంచి, ఊళ్ళల్లో భూమి దున్నే ఇళ్ళ నుంచి వచ్చి, పొద్దున అశోక్‌నగర్‌లో కోచింగ్, పగలు నా దగ్గర అటెండెన్సు, నాటకం పుస్తకం లోపల కరెంట్ అఫైర్స్ పెట్టుకుని చదువుకుంటారు, నేను చూసీ చూడనట్టు ఉంటాను, ఉద్యోగం వస్తే ఇల్లు నిలబడుతుంది వాళ్ళకి, నా రాజు గద్దె దిగితే వాళ్ళకేంటి, దిగకపోతే వాళ్ళకేంటి.

అయినా ఒప్పుకోలేకపోయాను, అదీ నా రోగం, మా డిపార్టుమెంటు హెడ్డు శ్రీపతి గారు పోయిన వారం స్టాఫ్ రూములో టీ తాగుతూ, మేడం, ఈ నాటకాల పేపరు వచ్చే సంవత్సరం ఎత్తేద్దాం, పిల్లలు కూర్చుంటలేరు, దాని జాగల కమ్యూనికేషన్ స్కిల్స్ పెడదాం, అన్నారు, ఎంత మామూలుగా అన్నారంటే ఫ్యాను రిపేరు చేయిద్దాం అన్నట్టు, లేదు సార్, వింటున్నారు సార్ అని అబద్ధమాడాను, అయితే గురువారం నేనొచ్చి వెనక కూసుంట, చూస్త, అన్నారు, వచ్చారు, ఇవాళ కూర్చున్నారు, కూర్చుని ఫోన్ చూసుకుంటున్నారు, నేను ముసలి రాజు రాజ్యాన్ని కూతుళ్ళకి పంచి ఇచ్చి నెలకొకరి ఇంట్లో ఉండేటట్టు ఒప్పందం చేసుకున్నాడని చెప్తున్నాను, ఒక్క తల లేవలేదు, నవీన్ అని ఒకడు, మంచివాడే, చెయ్యెత్తి, మేడం, గిది గ్రూప్స్‌ల వస్తదా, అని అడిగాడు, ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు, శ్రీపతి గారు ఫోన్‌లోంచి తలెత్తి నవ్వారు, ఆ నవ్వు నాకు తగిలింది, తగిలి, మీ ఊళ్ళల్ల వంతులు లేవా, అన్నాను, ఆస్తి పంచినంక ముసలోళ్ళు ఈ నెల ఒక కొడుకు ఇంట్ల, వచ్చే నెల ఇంకో కొడుకు ఇంట్ల తింటరు, చూడలేదా మీరు, గదే ఈ నాటకం, అన్నాను, అంతే, తలలు లేచాయి, మా మేనత్త గట్లనే ఉంటది మేడం అని ఎవరో అన్నారు, అక్కడ ఆగి ఉంటే, అక్కడ ఆగి వాళ్ళనే చెప్పనిచ్చి ఉంటే, ఇవాళ రాత్రి నాకు అన్నం సహించేది, ఆగలేదు, శ్రీపతి గారు ఇంకా ఫోన్ జేబులో పెట్టలేదు.

అందుకని చెప్పాను, ఒకాయన ఉన్నడు, మీసాల తాత, ముగ్గురు కొడుకులు, భూమి రాసిచ్చిండు, ఆయనకు మిగిలినవి ఒక పాత రేడియో, జిమ్మీ అని ఒక కుక్క, పెద్ద కొడుకు ఇంట్ల కుక్క వద్దన్నరు, రెండో కొడుకు ఇంట్ల రేడియో లొల్లి అన్నరు, నాటకంలో రాజుకి కూడా ఇంతే, వెంట ఉన్న మనుషుల్ని ఒక్కొక్కరినీ తగ్గించుకుంటూ పోతారు, నీకు వాళ్ళెందుకు, వీళ్ళెందుకు అని, నేను కోడలి గొంతు పెట్టాను, నాకు గొంతులు బాగా వస్తాయి, చిన్నప్పుడు మా గల్లీలో అందరి గొంతులూ పెట్టేదాన్ని, కోడలి గొంతు పెట్టి, ఈ కుక్క మన ఇంటెన్క పండితే నా మర్యాద ఏంగావాలె అన్నాను, పగలబడి నవ్వారు, ఆ నవ్వు మీదే మూడో కొడుకు ఇంటికి తీసుకుపోయాను, రాత్రి, వాన, తాత తలుపు కొడుతున్నాడు, లోపలి నుంచి కొడుకు, ఇయ్యాల మా వంతు గాదు, అంటాడు, తలుపు తియ్యడు, ఇక్కడ గొంతు తగ్గించి బల్ల మీద వేళ్ళతో తలుపు కొట్టాను, శ్రీపతి గారు ఫోన్ జేబులో పెట్టేశారు, చూశాను, అది కూడా చూశాను, లోపల పొంగిపోయాను, అప్పుడే నవీన్ సంతోషంగా, కనిపెట్టినవాడి సంతోషం అది, మేడం, గిది మా ఊరి రాజేశం తాత ముచ్చటనే గదా, జిమ్మీ ఆయన కుక్కనే, అని, అని ఊరుకోకుండా కిటికీ పక్కకి తిరిగి, అరే, మహేశ్వరి వాళ్ళ తాత, అన్నాడు, అన్న తరవాత వాడి మొహం వాడిపోయింది, కానీ అప్పటికే క్లాసంతా అటు తిరిగింది.

మహేశ్వరి పెన్ను పౌచ్‌లో పెట్టింది, జిప్పు లాగింది, ఆ జిప్పు చప్పుడు నాకు ఇంకా వినిపిస్తోంది, లేచి నిలబడి, మేడం, బయటికి పోవచ్చా, అని అడిగింది, పర్మిషన్ అడిగింది, అంత అవమానంలోనూ నన్ను అడిగి పోవాలనుకుంది, నేను తలూపాను, తలూపి, ఆ పిల్ల గుమ్మం దాటిందో లేదో, కానివ్వండి, ఇటు చూడండి, ఆ మూసిన తలుపు బయట ముసలి రాజు వానలో నిలబడి ఏమన్నాడంటే, అని అందుకున్నాను, అదే, అదే, నోరు జారితే జారింది, మనిషన్నాక జారుతుంది, దాన్ని ఎట్లాగో మింగవచ్చు, కానీ ఆ పిల్ల వెళ్ళిపోవడం చూసి కూడా నేను ఆ సీను పూర్తి చేశాను, ఎందుకంటే పాఠం అంత బాగా నడుస్తోంది, ఎందుకంటే వాళ్ళు వింటున్నారు, పూర్తి చేసి చివర్లో పెద్దాయన పేరు చెప్పాను, ఓ అన్నారు, చప్పట్లు కొట్టారు, చప్పట్లు, దమయంతీ, నీకు చప్పట్లు కావాల్సి వచ్చాయే.

చిక్కడపల్లి వచ్చేసింది, మిర్చి బజ్జీల వాసన, గుళ్ళోంచి మైకు, దమయంతి గారూ ఇంత లేటయింది ఏంది అని మందుల దుకాణం ఆయన పలకరిస్తే నవ్వాను, ఎట్లా నవ్వగలిగానో, మా ఇంటి గల్లీ కుడి వైపు పిలుస్తోంది, తిరగలేదు, ఫోన్ మళ్ళీ మోగింది, మెసేజీ, సూపర్ మేడం అని, పొద్దుటి నుంచీ ఇదే, సంయుక్త అనే అమ్మాయి నా పాఠంలో తాత ముచ్చట వరకే వీడియో తీసి స్టేటస్ పెట్టింది, కింద నిప్పు బొమ్మలు, మా మేడం ఫైర్ అని, మధ్యాహ్నం డబ్బా తెరిచి అన్నం తింటూ ఆ వీడియో నేనూ చూశాను, నా గొంతు నాకే ముద్దొచ్చింది, దానికి ఎర్ర గుండె బొమ్మ కూడా పెట్టాను, అప్పటికి మహేశ్వరి కాలేజీలో లేదని తెలుసు, వెతకలేదు, తరవాత మాట్లాడదాంలే, చిన్నపిల్ల, మరిచిపోతుందిలే అనుకున్నాను, శ్రీపతి గారు వచ్చి, మేడం, కమాల్ చేసిన్రు, పేపర్ ఉండనిద్దాం, అన్నారు కదా, ఆ మత్తులో ఉన్నాను, సాయంత్రం నవీన్ స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడి లోపలికి రాలేదు, మేడం, జర బయటికి వస్తరా, అన్నాడు, మేడం, గా వీడియో మా ఊరి గ్రూప్ల పడ్డది, నేను ఎయ్యలే, నా మీద ఒట్టు, ఎవరేసిండ్రో తెల్వది, కరుణాకర్ బాపుని అందరు ఇష్టమొచ్చినట్టు అంటున్నరు, కొడుకువా రాక్షసునివా అంటున్నరు, నా వల్లనే అయింది మేడం, అని ఏడ్చినంత పని చేశాడు, నీ వల్ల కాదు రా, నా వల్ల, అనాలి, అన్నానా, అనలేదు, సంయుక్తకి ఫోన్ చేసి అది తీసెయ్యమ్మా అని చెప్పాను, తీసేసింది, ఊరి గ్రూపులో ఉన్నదాన్ని ఎవరు తీస్తారు.

కరుణాకర్ మహేశ్వరి నాన్న, ఆ మూడో కొడుకు, ఆయన్ని నేను చూడలేదు, చూసినట్టే తెలుసు, ఎందుకంటే పోయిన వారం ఆ పిల్ల మెట్ల మీద నాకు చెప్పింది, స్టాఫ్ రూములో జనం ఉన్నారని నన్ను మెట్ల దగ్గరికి పిలిచి చెప్పింది, ఊరికి పోయి క్లాసులు పోగొట్టుకుంది, అటెండెన్సు తగ్గింది, ఎందుకు పోయావమ్మా అంటే, ముందు ఏం లేదు మేడం అంది, నేను ఊరుకున్నానా, ఏదో ఉంది చెప్పు, నాకు చెప్పకపోతే ఎవరికి చెప్తావు, అని తవ్వాను, అప్పుడు చెప్పింది, తాత, కుక్క, రేడియో, వాన, తలుపు, అంతవరకే కాదు, దాని తరవాతది కూడా చెప్పింది, తెల్లారకముందే వాళ్ళ నాన్న లాంతరు పట్టుకుని ఊరంతా తిరిగాడట, బడి వరండాలో తాత ముడుచుకుని పడుకుని ఉంటే, కుక్క ఆయన కాళ్ళ మీద ఉంటే, ఇద్దరినీ బండి మీద పెట్టుకుని తీసుకొచ్చాడట, వేడినీళ్ళు పోశాడట, మా నాయిన ఏడుస్తుంటే నేనెన్నడు సూడలే మేడం, అంది, ఇప్పుడు వంతుల్లేవు, తాత మా తాననే ఉంటడు, రేడియోకు సెల్లులు మా నాయిననే తెచ్చిండు, అంది, కళ్ళు తుడుచుకుంటూ కొంచెం గర్వంగా చెప్పింది, నేను కూడా కళ్ళు తుడుచుకున్నాను, నిజంగానే తుడుచుకున్నాను, మరి ఆ సగం ఏమైంది, క్లాసులో చెప్తుంటే గుర్తు రాలేదా, వచ్చింది, నాలుక చివర దాకా వచ్చింది, కానీ నాటకంలో తలుపు మూసుకుంటుంది, మూసుకునే ఉంటుంది, లాంతరు పట్టుకుని వెతికే కొడుకు నా పాఠానికి అడ్డం, అందుకని ఆయన్ని తీసేశాను, తండ్రిని వెతుక్కున్న మనిషిని తీసేసి తలుపు తియ్యని మనిషిని మాత్రం నిలబెట్టి నవ్వించాను, ఈ నాటకాల్లో ఎవ్వరూ ఊరికే చెడ్డవాళ్ళు కారు అని ప్రతి ఏడూ బోర్డు మీద రాసి గీత కూడా గీస్తాను, ఏ మొహం పెట్టుకుని రాస్తాను ఇక.

లైబ్రరీ పక్క నుంచి లోపలికి మళ్ళాను, గేటు దగ్గర పిల్లలు గుంపులు గుంపులు, చేతిలో చాయ్ గ్లాసులు, నోట్లో ప్రశ్నలు, ఎవరో పంచాయతీరాజ్ చట్టం గడగడా అప్పజెప్తున్నారు, అశోక్‌నగర్ అంటే ఇంతే, ప్రతి గోడ మీదా ర్యాంకు వచ్చినవాళ్ళ ఫొటోలు, ప్రతి మెట్టు మీదా రానివాళ్ళు, ఇందులో ఏ మెట్టు మీదన్నా ఆ పిల్ల కూర్చుని ఉందేమో అని చూస్తున్నాను, ఉండకపోతే బాగుండును, ఎదురు పడితే ఏమంటాను, సారీ మహేశ్వరీ అంటాను, సారీ అనడం సులువు, బస్సులో కాలు తొక్కినా సారీయే, తప్పయిపోయిందమ్మా అని తెలుగులో అనాలంటే నోరు పెగలదు, ఇంత పెద్దదాన్ని, ఇంత చదువుకున్నదాన్ని, ఆ పిల్ల ముందు తప్పయిపోయింది అనడమా అని ఇంకా లోపల ఎక్కడో ఉంది, ఉంటుంది, ఛీ, ఉండనీ, అన్నా, లేడీస్ హాస్టల్ ఎటు అని జిరాక్సు దుకాణంలో అడిగితే ఏ హాస్టల్ అక్కా, ఇక్కడ అన్ని హాస్టల్లే, అన్నాడు, వాళ్ళ ఊరు పోయి ఉంటే, ఇప్పటికే బ్యాగు సర్దుకుని బస్సెక్కి ఉంటే, చదువు మానేస్తే, ఊళ్ళో అందరూ నాన్నని అంటుంటే ఈ పిల్ల ఇక్కడ కూర్చుని చదువుకుంటుందా, మొదటి తరం చదువు అది, ఆ ఇంట్లో ఆడపిల్ల గడప దాటి చదువుకోవడం ఇదే మొదలు, దాన్ని నేను నాలుగు చప్పట్ల కోసం, నడు, దమయంతీ, నడు, నవీన్ చెప్పిన పచ్చ గేటు, ఇదే.

గేటు దగ్గర స్టూలు మీద చిక్కుడుకాయలు తుంచుతూ ఒక పెద్దావిడ, ఎవరు గావాలె, అంది, మహేశ్వరి అండి, బీఏ, అన్నాను, ఆమె నా మొహం వంక చూసి, చూసి, మీరు వీడియోల మేడమే గదా, అంది, పిల్లలు చూపెట్టిండ్రు మేడం, నా పేరు సత్తవ్వ, ఈడ వంట చేస్త, గా ముసలాయన ముచ్చట ఎంత మంచిగ చెప్పిన్రు, నేనైతే ఏడ్సిన, గసొంటి కొడుకు చెయ్యి ఇరిగిపోను, తండ్రికి తలుపు తియ్యనోడు మనిషా, అని మెటికలు విరిచింది, అమ్మా, అట్లా అనకండి అన్నాను, ఎందుకనొద్దు, అంటే ఏం చెప్పను, అప్పటికే మెట్ల మీద నుంచి మహేశ్వరి దిగుతోంది, విన్నది, అంతా విన్నది, సత్తవ్వకి తెలియదు ఆ కొడుకు కూతురే ఈ పిల్లని, ఇవాళ పొద్దుటి నుంచి ఈ హాస్టల్లో ఎంతమంది ఎన్నిసార్లు అన్నారో ఇట్లా, ఈ పిల్ల ఎన్నిసార్లు తలొంచుకుందో, నన్ను చూడగానే పరుగున వచ్చింది, అయ్యో మేడం, మీరేంది ఇక్కడ, ఇంత దూరం ఎందుకొచ్చిన్రు, అని లోపలికి పోయి ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేసింది, చున్నీతో తుడిచింది, కూసోండి మేడం, అంది, సత్తవ్వా, మేడంకి మంచినీళ్ళు, అంది, కూర్చున్నాను, సిగ్గు లేకుండా కూర్చున్నాను.

తప్పయిపోయింది మహేశ్వరీ, అన్నాను, అనగలిగాను, ఏం లేదు మేడం, అంది వెంటనే, మీరు మంచిగనే చెప్పిన్రు, అంది, మీ నాన్న ఫోన్ చేశాడా, చేసిండు మేడం, ఏమన్నాడు, ఏమనలే, మంచిగ సదువుకో బిడ్డా అని పెట్టేసిండు, అంది, ఎటో చూస్తూ అంది, తిడితే బాగుండేది, ఆ మనిషి నన్ను తిట్టినా బాగుండేది, రేపు కాలేజీకి వస్తావు కదా, అన్నాను, రేపు ఊరికి పోతున్న మేడం, అంది, మళ్ళీ వస్తావు కదా, అన్నాను, చున్నీకి అంటిన దుమ్ము దులుపుకుంది, నా మీద కోపం లేదు కదా, అన్నాను, అయ్యో, మీ మీద కోపమేంది మేడం, మీరు మా మేడం, అంది, కాదు, నిజంగా చెప్పు, ఏదన్నా అను, తిట్టు, పరవాలేదు, కానీ కోపం లేదని ఒక్క మాట చెప్పు, చెప్తే నేను పోతాను, అన్నాను, మెట్ల మీద హాస్టల్ పిల్లలు ఒక్కొక్కరు చేరి నిలబడి చూస్తున్నారు, ఒకమ్మాయి చేతిలో ఫోన్ ఉంది, సత్తవ్వ గ్లాసు పట్టుకుని నిలబడింది, మహేశ్వరి చేతులు కట్టుకుని నా ముందు నిలబడింది, నేను కూర్చుని ఉన్నాను, అప్పుడు తెలిసింది నేనెక్కడ కూర్చున్నానో.

అందరి ముందూ గద్దె మీద కూర్చుని, నా మీద ప్రేమ ఎంతుందో చెప్పండి, చెప్పినదాన్ని బట్టి ఇస్తాను, అని కూతుళ్ళని నిలబెట్టి అడిగాడే ఆ ముసలి రాజు, నాటకం మొదలయ్యేదే అక్కడ, ఎంత మూర్ఖుడండీ అని నేను పిల్లలకి నోరారా చెప్తాను, మాట అడిగి తీసుకుంటే అది ప్రేమవుతుందా అంటాను, ఇప్పుడు నేను అడుగుతున్నదేంటి, ఈ పిల్ల నన్ను కాదనలేదు, గురువుని మొహం మీద అనడం వాళ్ళ ఇంట్లో నేర్పలేదు, కుర్చీ తుడిచి వేయడమే నేర్పారు, ఆ మర్యాదని పట్టుకుని నేను పిండుకుంటున్నాను, పొద్దున కథ పిండుకున్నాను, సాయంత్రం క్షమాపణ పిండుకోవడానికి వచ్చాను, నాకు నిద్ర పట్టాలని వచ్చాను, కుర్చీలోంచి లేచాను, ఏం చెప్పకమ్మా, నువ్వేం చెప్పక్కర్లేదు, అన్నాను, మహేశ్వరి మొదటిసారి నా కళ్ళల్లోకి చూసింది, ఆ చూపులో కోపం ఉంది, ఉంది, నిండా ఉంది, అమ్మయ్య, ఉంది, అని ఎందుకనిపించిందో, ఆ కోపం ఒక్కటే ఇవాళ నాతో నిజం చెప్పింది, అటెండెన్సు నేను చూసుకుంటాను, పోయి రా, అన్నాను, మంచిది మేడం, అంది.

గేటు దాటాను, గల్లీలో దీపాలు వెలిగాయి, రేపు, రేపు క్లాసులో చెప్తాను, శ్రీపతి గారిని కూడా పిలుస్తాను, పిల్లలూ, నిన్న నేను మీకు సగమే చెప్పాను, మిగతా సగం వినండి, తెల్లారకముందు ఒక లాంతరు కదిలింది, ఆ కొడుకు తండ్రిని వెతుక్కుంటూ, అని గొంతు ఇట్లా తగ్గించి, బడి వరండా దగ్గర ఒక్క క్షణం ఆగి, అప్పుడు క్లాసంతా ఎట్లా, ఆగు, ఆగు దమయంతీ, చూడు, చూసుకో నిన్ను నువ్వు, మళ్ళీ ఎత్తుకున్నావు, గల్లీ మలుపు కూడా తిరగలేదు, మళ్ళీ గొంతు పెడుతున్నావు, మళ్ళీ ఎక్కడ ఆగాలో లెక్క వేస్తున్నావు, ఆ మనిషి ఏడుపు కూడా నీకు పాఠమేనా, మంచి చెప్పినా అదే దొంగతనం, రేపు చెప్పాల్సింది ఒక్కటే, నిన్న నేను ఒకరి ఇంటి మాట మీ ముందు పెట్టాను, అది నా తప్పు, ఇంక ఎవరూ దాని గురించి మాట్లాడకండి, అంతే, గొంతు పెట్టకుండా, నిలబడి, ఆ తరవాత పుస్తకం తెరిచి రాజు గురించి చెప్పుకుంటాను, వింటే వింటారు, లేకపోతే పేపరు పోతుంది, పోతే పోనీ, లాంతరు సంగతి చెప్పను, ఎన్నడూ చెప్పను, ఎంత నోరూరినా చెప్పను, మహేశ్వరి ఆ మెట్ల మీద నాకు చెప్పింది, నాకు ఇవ్వలేదు.